వన్నెలమ్మ కోసం సరదా పరుగు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు పెద్దలు. ఆ ఏడాది రోళ్ల సంగతి నాకు తెలీదు గానీ, గొల్లకుంట మాత్రం అడుగంటా పగిలింది. ఒక్కో నెర్రెలో చెయ్యి పెడితే మోచేతి దాకా దిగేది. నడిమధ్యన నాలుగు నులకమంచాలు పట్టేంత జాగాలో కాస్త ఎర్రబురద మిగిలింది. ఆ బురదలో పొద్దస్తమానం ఒంటికాలి మీద నిలబడి ఉండేది వన్నెలమ్మ.

వన్నెలమ్మ అంటే ఎర్రకాళ్ల కొంగ. పసుపు ముక్కు, తోక దగ్గర గులాలు చల్లినట్టు గులాబీరంగు ఈకలు. చూడముచ్చటగా ఉండేది. ఈ కొంగలు మన ఊరివి కావు. చలికాలంలో గుంపుగా వచ్చి, చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, మృగశిర కార్తెలో మొదటి మబ్బు కనపడగానే లేచిపోతాయి. పోయినేడు వన్నెలమ్మ కూడా అలాగే వచ్చింది. గూడు తూర్పున పెదమడుగు దగ్గర, చెట్టు మీద. పిల్లలకి చేపలు పట్టుకుపోదామని ఒకరోజు ఇటు గొల్లకుంటకి వచ్చి, తిరిగి లేచేటప్పుడు కరెంటు తీగ తగిలి కింద పడింది. ఎడమ రెక్క విరిగింది. అంతే. గూడు అక్కడ, తల్లి ఇక్కడ. ఏడాది గడిచిపోయింది.

పెదమడుగు ఎంతో దూరం కాదండీ. రెండు మైళ్లు. కానీ నడుమ సర్కారు తుమ్మ అడవి గోడలా లేచింది. చుట్టూ తిరిగి పోదామంటే ఒకవైపు రొయ్యల చెరువుల కంచె, రెండోవైపు తారురోడ్డు, దాని మీద బుర్రుబుర్రున లారీలు. రెక్క ఉన్నవాళ్లకి చిటికెలో పని. రెక్క లేనివాళ్లకి కాశీ అంత దూరం.

వన్నెలమ్మకి తోడు మైలయ్య అనే ముసలి ఎద్దు. యజమాని ట్రాక్టరు కొన్నాక పని పోయింది. కబేళాకి తోలడానికి మనసొప్పక, ఆ మహానుభావుడు కుంట గట్టున వదిలేశాడు. పగలంతా వన్నెలమ్మ చుట్టుపక్కలే మేసేవాడు మైలయ్య. ఆయన కొమ్ములు చూసి ఏ జంతువూ కొంగ జోలికి వచ్చేది కాదు.

ఒక సాయంత్రం తూర్పుగాలి తిరిగింది.

"తాతా, విన్నావా?" అంది వన్నెలమ్మ.

మైలయ్య నెమరు ఆపి చెవులు విప్పాడు. దూరంగా, సన్నగా, ఎండుకొమ్మలు ఒకదానికొకటి తగిలినట్టు టకటక, టకటక.

"మావాళ్లే" అంది. "పొద్దుగూకే వేళకి గూళ్లకి చేరి ముక్కులు టకటకలాడిస్తారు. అదే మా పలకరింపు."

నిజమేనండీ, ఆ కొంగలకి గొంతు ఉండదు, ముక్కు చప్పుడే మాట. మరి వన్నెలమ్మ ఇంత చక్కగా ఎలా మాట్లాడుతోందని అడక్కండి. కథలోకి వచ్చినవాళ్లకి గొంతు ఇవ్వకపోతే కథ ఎట్టా నడుస్తుంది?

"ఆ చప్పుడులో మా చిన్నది ఉందేమోనని వింటున్నా" అంది. "నేను పడ్డనాటికి దానికి గూటి అంచు దాటడం కూడా రాదు. తర్వాత ఎవరు నేర్పారో. నేర్చిందో లేదో."

"నేర్చే ఉంటుందమ్మా."

"నువ్వు చూశావా?"

"లేదు."

"నేనూ చూడలేదు. అదే తాతా నా బాధ." కాలు మార్చుకుంది. "మృగశిర ఇంక పదకొండు రోజులు. మళ్లీ వెళ్లిపోతారు. ఒక్కసారి కళ్లారా చూస్తే చాలు. తర్వాత ఈ బురదలో ఎన్నాళ్లుండమన్నా ఉంటా."

మైలయ్య తుమ్మడవి వైపు చూశాడు. చలికాలంలో ఆయన ఒకసారి ఆ తుమ్మల్లో దూరి చూశాడు. పాతిక గజాలు పోయేసరికి పదకొండు ముళ్లు దిగాయి. వెనక్కి వచ్చాక కాకి వీరాసామి రెండు రోజులు కూర్చుని ఒక్కోటే ముక్కుతో పీకాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు కదా, ఈ కాకికి నొప్పే పాపం.

ఇలా ఉండగా, ఇంకో మూడు రోజులకి నక్క భూషణం వచ్చాడు.

భూషణం సంగతి చెప్పాలి. నలుగురు చేరిన చోట నాలుగు మాటలు మాట్లాడకపోతే తిన్నది అరగదు ఆయనకి. దండ కనపడితే మెడ చాస్తాడు, బండ కనపడితే ఎక్కుతాడు. ఆరోజు కూడా చాకిరేవు బండ ఎక్కి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"సోదర సోదరీమణులారా! మొన్న పొద్దున టౌను అంచుకి పోయి ఒక వింత చూశాను. ఆడా మగా, పిల్లా జెల్లా, అందరూ ఒకే రంగు బనీన్లు వేసుకుని పరిగెత్తుతున్నారు. వెనక ఎవరూ తరమట్లేదు!"

కుందేలు చిట్టియ్య నోరు తెరిచాడు. "తరమకుండా పరిగెత్తడమేంటండీ? పిచ్చా?"

"సేవ, నాయనా, సేవ! ఎవరో దిక్కులేనివాళ్ల కోసం. వీళ్లు పరిగెత్తితే, దాన్నిబట్టి దయగలవాళ్లు సాయం చేస్తారు. సరదాకి సరదా, పుణ్యానికి పుణ్యం. సరదా పరుగు అంటారు దాన్ని."

"మొదట వచ్చినవాడికి ఏమిస్తారు?"

"మొదలూ లేదు, చివరా లేదు. అందరూ గెలిచినట్టే."

"మరి ఓడినవాణ్ణి ఎట్టా గుర్తుపట్టి ఎగతాళి చేసేది?" అన్నాడు చిట్టియ్య దిగులుగా.

బర్రె నాంచారమ్మ తోకతో ఈగల్ని కొట్టుకుంటూ, "నువ్వు కాస్త నోరు మూసుకోరా. ఇంతకీ ఎవరి కోసమయ్యా మన పరుగు?" అంది.

భూషణం ముందుకాలు గుండెల మీద పెట్టుకున్నాడు. కళ్లు తడిచేసుకున్నాడు. అది ఆయనకి చిటికెలో పని. "ఎవరి కోసమా? అదుగో, ఆ ఎర్రబురదలో, తన గుంపుకి దూరమై, ఎండకి మాడుతున్న మన ఆడపడుచు వన్నెలమ్మ కోసం! బురదలో నత్తలు అయిపోయాయి. చేపల మాట సరేసరి. కాబట్టి మనమందరం ఆదివారం పొద్దున్నే పడమట బోడికొండ దాటి కాలవ దాకా పరిగెత్తాలి. ఒక్కొక్కరు ఒక్కో నత్తని నోట కరుచుకుని రావాలి. ఆమె ఈ బండ మీదే, పూలదండతో, ముఖ్య అతిథిగా కూర్చుని ఉంటుంది. నేను అధ్యక్షుణ్ణి కాబట్టి పక్కనే ఉండి కనిపెట్టుకుంటాను."

"శభాష్" అన్నారు మేకలు. "ఎంత మంచి మనసు" అన్నాయి ఉడతలు. కొంతమంది కళ్లు తుడుచుకున్నారు కూడా. వన్నెలమ్మని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె మొహమాటానికి తల వంచి, "నాకోసం ఇంత కష్టమెందుకయ్యా" అని ఊరుకుంది.

 మైలయ్య చూపు నక్క మొహం మీద లేదు, కాళ్ల మీద ఉంది.

సభ ముగిశాక నాంచారమ్మ పక్కకి వచ్చింది. "ఏం బావా, అట్టా చూస్తున్నావు? భూషణం మారాడంటావా?"

"ఆ కాళ్లు చూశావా మరదలా?"

"నక్క కాళ్లలో చూసేదేముంది? సన్నగా చీపురుపుల్లల్లా ఉంటాయి."

"మోకాళ్ల దాకా బురద. నల్లబురద. ఇంకా తడిగానే ఉంది."

"అయితే?"

"పదహారేళ్లు దున్నాను నేను. ఏ మన్ను ఎక్కడిదో గిట్ట పెడితే చెబుతాను. మన కుంటది ఎర్రమన్ను. పడమట కాలవలో ఇసక. జిగటగా, నల్లగా, చేపవాసన కొట్టే బురద ఈ చుట్టుపట్ల ఒక్కచోటే ఉంది. పెదమడుగులో."

నాంచారమ్మ నెమరు ఆగిపోయింది. "తుమ్మడవి దాటకుండా పెదమడుగుకి ఎట్టా పోతాడు?"

"పోతున్నాడు. రోజూ పోతున్నాడు. ఆ మీసానికి చేప పొలుసు కూడా అంటుకుని ఉంది. వీడికి దారి తెలుసు మరదలా. కళ్లెదుట ఈ పిల్ల ఏడాదిగా బెంగతో చిక్కిపోతుంటే ఒక్క మాట చెప్పలేదు. పైగా అందరినీ కొండవతలకి తోలి, ఈమెని బండ మీద కూర్చోబెట్టి, పక్కన తాను కూర్చుంటాడట!"

"ఓరి వీడి దుంపతెగ!" అంది నాంచారమ్మ. "గోతికాడ నక్క అంటే ఏమో అనుకున్నా. ఇప్పుడే పోయి నలుగురిలో కడిగేస్తా."

"కడిగితే ఏమవుతుంది? కాలవలో జారిపడ్డానంటాడు. రేపటినుంచి కాళ్లు కడుక్కుని వస్తాడు. దారి మాత్రం చెప్పడు."

"మరెట్టా చెబుతాడు?"

మైలయ్య చాలాసేపు నమిలాడు. ఎద్దు ఆలోచన ఎద్దు నడకలాంటిదే, తొందరుండదు గానీ చాలు తప్పదు. చివరికి అన్నాడు, "చెప్పక్కర్లేదు. చూపిస్తే చాలు. భయమేసినప్పుడు ఎవడైనా తనకి బాగా తెలిసిన దారినే పోతాడు."

ఆ తర్వాత వన్నెలమ్మ దగ్గరకి పోయి ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఆదివారం నువ్వు ఆ బండ మీద, వాడి పక్కన కాసేపు కూర్చోవాలమ్మా. భయమా?"

"దారి ఉందా తాతా?" అంది. మిగతా మాటలేవీ ఆమెకి వినపడినట్టే లేదు. "నిజంగా ఉందా? ఇన్నాళ్లూ ఉందా?"

"ఉంది."

"మా చిన్నదాన్ని చూడ్డానికైతే నక్క పక్కనేంటి, నక్క నోట్లోనైనా కూర్చుంటా."

"నోట్లోకి వద్దులే. పక్కన చాలు."

శనివారం ఏర్పాట్ల మీటింగు పెట్టారు. ఎవరు ఎక్కడ నిలబడాలి, నీళ్లు ఎక్కడ, అలిసిపోయినవాళ్లు ఎక్కడ కూర్చోవాలి. భూషణం అన్నిటికీ సరే సరే అంటున్నాడు. ఆయన ధ్యాసంతా వన్నెలమ్మ కాళ్ల మందం మీద ఉంది. అప్పుడు మైలయ్య లేచాడు. ఆయన లేచి మాట్లాడటం అదే మొదలు కాబట్టి అందరూ గప్‌చుప్.

"అధ్యక్షులవారు ఇంత చేస్తున్నారు. వారికి మనం ఏం చేస్తున్నాం? దండా లేదు, తలపాగా లేదు. పెళ్లి ఊరేగింపైనా, జాతరైనా పెద్దమనిషి ముందడుగు వెయ్యందే మన ఊళ్లో ఎవరైనా కదులుతారా? పరుగు జెండా వారి చేత పట్టించాలి. మొదటి అడుగు వారే వెయ్యాలి."

"అబ్బెబ్బే" అన్నాడు భూషణం. "నాకు మోకాళ్ల నొప్పులు పెద్దాయనా. నేను బండ దగ్గరే..."

"నాలుగంటే నాలుగే అడుగులు. జెండా ఊపి, నాలుగడుగులు వేసి, పక్కకి తప్పుకుని మళ్లీ బండెక్కి కూర్చోండి. ఎవరొద్దన్నారు?"

"జెండా పట్టుకుంటే మీరు భలే ఉంటారండీ" అన్నాడు కాకి వీరాసామి. కాకి మాట నిజమేనేమోనని ఒకసారి తన తోక వెనక్కి చూసుకున్నాడు భూషణం.

"తలపాగా ఏ రంగు?" అని అడిగాడు.

అంతే, పడ్డాడు. నక్క జిత్తులన్నీ ఒకెత్తు, మెడలో పడబోయే దండ ఒకెత్తు.

అదే సాయంత్రం నాంచారమ్మ గొర్రెలదొడ్డి వైపు పోయింది. అక్కడ కాపలాకుక్క గండన్న, వాడి తమ్ముళ్లు ఇద్దరూ ఉన్నారు. ఆ ఏడాది దొడ్డిలో నాలుగు గొర్రెపిల్లలు మాయమయ్యాయి. ఎవరి పనో గండన్నకి తెలుసు, దొరకబుచ్చుకోవడం మాత్రం తెలీదు.

"పిన్నీ, ఆ భూషణం ముందు పరిగెత్తుతాడా? మేం వెనకా?" అన్నాడు గండన్న, చెవులు నిక్కపొడుచుకుని.

"అవును. కానీ ఇది సరదా పరుగు నాయనా. కరవకూడదు."

"అస్సలా?"

"అస్సలు."

"కాస్త తోక..."

"తోక కూడా."

గండన్న మొహం వేలాడేశాడు. కాసేపాగి, "మొరగొచ్చా?" అన్నాడు.

"ఎంతైనా మొరుగు. దానికి హద్దు లేదు."

ఆదివారం తెల్లారింది. చల్లటి వేళ. చాకిరేవు బండ మీద తంగేడుపూల దండ వేసుకుని వన్నెలమ్మ కూర్చుంది. చూపు మాటిమాటికీ తూర్పుకే పోతోంది. భయానికో, ఆశకో ఆమెకే తెలీదు. కింద మేకలు, గొర్రెలు, కుందేళ్లు, ఉడతలు, ఒక ముంగిస, ఎందుకొచ్చిందో తెలీని ఒక పంది. అందరికీ బాదం ఆకులు మెడకి కట్టారు, బనీన్లకి బదులు. భూషణం పసుప్పచ్చ తలపాగాతో, బంతిపూల దండతో, కర్రకి కట్టిన ఎర్రగుడ్డ నోట కరుచుకుని, పరుగు మొదలయ్యే గీత ముందు నిలబడ్డాడు.

పడమట వైపు చూసి కాస్త అనుమానపడ్డాడు. నాంచారమ్మ, ఆమె తోటి బర్రెలు పన్నెండు అక్కడ వరసగా నిలబడ్డాయి. "అటే కదా పరుగు? వీళ్లు అడ్డమేంటి?"

"చూడ్డానికి వచ్చాం. చప్పట్లకి బదులు తోకలాడిస్తాం" అంది నాంచారమ్మ. "మీరు నాలుగడుగులు వెయ్యగానే జరుగుతాంలే అధ్యక్షా!"

అధ్యక్షా అన్న పిలుపుకి అనుమానం ఎగిరిపోయింది. దక్షిణాన నిటారుగా కుంట గట్టు. తూర్పున తుమ్మడవి. ఉత్తరం ఖాళీ.

వీరాసామి రెక్కలు చరిచి కావుమన్నాడు. భూషణం జెండా ఊపాడు. ఒక అడుగు. రెండు. చూసేవాళ్లు తోకలాడించారు. మూడు. ఇంకొక్క అడుగు వేస్తే పక్కకి తప్పుకోవచ్చు. నాలుగోది ఎత్తి గాల్లో పెట్టాడో లేదో, ఉత్తరం నుంచి వినపడింది మొరుగు.

గండన్న, వాడి తమ్ముళ్లు. మెడలో బాదం ఆకులతో సహా.

"అధ్యక్షుడుగారూ! మేమూ వస్తున్నామండీ! సేవ చేద్దామని!"

జెండా కింద పడింది. భూషణం పడమటికి చూశాడు, కొమ్ములు. దక్షిణానికి చూశాడు, గట్టు. ఇంక చూడలేదు. తూర్పుకి దూకాడు.

దూకడమంటే అట్టాంటిట్టాంటి దూకుడు కాదు. మోకాళ్ల నొప్పులు ఏమయ్యాయో! తలపాగా ఒకచోట, దండ ఒకచోట. తుమ్మడవి అంచున ఒక పెద్ద గుబురు ఉంది, ఈగ దూరదన్నంత దట్టంగా. సూటిగా దాని మొదట్లోకి పోయి, కంపకింద కంతలో సర్రున దూరి మాయమయ్యాడు. వెనకే గండన్న. వెనకే తమ్ముళ్లు.

"అధ్యక్షుడు దారి మార్చాడర్రా!" అని అరిచాడు చిట్టియ్య. ముందు గొర్రె ఎటు దూకితే మంద అటు. గొర్రెలు, మేకలు, ఉడతలు, ఆ పంది, అన్నీ అటే. వాటిని దాటుకుని నాంచారమ్మ తల దించి, పన్నెండు బర్రెల్ని వెంటేసుకుని, ఆ గుబురు మీద పడింది. ఫెళఫెళమని విరిగింది కంప.

విరిగాక చూస్తే ఏముందనుకున్నారు? లోపల పాత బండిబాట! ఎప్పుడో మన తాతలనాడు పెదమడుగుకి బళ్లు పోయిన బాట. మొదట్లోనూ చివర్లోనూ మాత్రమే తుమ్మ కమ్మేసింది. నడుమంతా సన్నగా, మెత్తగా, అలాగే ఉంది. ఈ సంగతి ఆ అడవిలో ఒక్క ప్రాణికే తెలుసు. ఆ ప్రాణి ఇప్పుడు నాలుక బయటపెట్టుకుని అందరికంటే ముందు పరిగెత్తుతోంది.

"అధ్యక్షా, కాస్త నిదానం! ఇది సరదా పరుగు!" అని వెనకనుంచి గండన్న.

మైలయ్య బండ దగ్గరకి వచ్చి మోకాళ్ల మీద వంగాడు. "ఎక్కమ్మా."

వన్నెలమ్మ మూపురం వెనక ఎక్కి కూర్చుంది. ఆయన పరిగెత్తలేదు. నడిచాడు. ముందు పోయినవాళ్ల గిట్టలకింద నలిగిన కంప మీద ఒక్కో అడుగూ చూసి వేశాడు. సగం దూరం పోయేసరికి గాలి ఎదురొచ్చింది. టకటక, టకటక. ఈసారి సన్నగా కాదు.

"తాతా" అంది వన్నెలమ్మ.

"ఆఁ."

"నన్ను గుర్తుపడతారంటావా? ఏడాది బురదలో ఉన్నా. రంగు పోయింది."

"అందరూ పట్టక్కర్లేదు కదమ్మా" అన్నాడు మైలయ్య.

చివరి గుబురు దాటాక పెదమడుగు ఒక్కసారిగా కళ్లకి కొట్టింది. అంత నీళ్లు! ఒడ్డున అందరూ ఆయాసపడుతూ, నవ్వుతూ, నీళ్లు తాగుతూ ఉన్నారు. భూషణం నడినీళ్లలో మెడ దాకా మునిగి అవతలి ఒడ్డుకి ఈదుతున్నాడు. కుక్కలు గట్టు మీద కూర్చున్నాయి. "కరవలేదు పిన్నీ" అన్నాడు గండన్న నాంచారమ్మతో. "చూశావుగా? చాలా కష్టమైంది, అయినా కరవలేదు."

అవతల చెట్ల నిండా కొంగలు. ఈ గోలకి బెదిరి, గుంపంతా చప్పుడు ఆపేసింది.

వన్నెలమ్మ మైలయ్య వీపు దిగి, నీళ్లలోకి రెండడుగులు వేసి నిలబడింది. మెడ పైకెత్తి, ముక్కు తెరిచి టకటకలాడించింది. జవాబు లేదు. మళ్లీ ఆడించింది. ఒడ్డున మేకలు కూడా నమలడం మానేశాయి. చిట్టియ్య ఏదో అనబోతే నాంచారమ్మ తోకతో నోటి మీద కొట్టింది.

చాలాసేపటికి ఒక కొమ్మ ఊగింది. ఇంకా రంగు తేలని, మట్టిరంగు ఈకల కుర్రకొంగ ఒకటి లేచింది. మడుగు మీద పెద్దగా, నిమ్మళంగా ఒక చుట్టు చుట్టింది. ఒక్క రెక్కపాటు కూడా తడబడలేదు. ఆ తర్వాత దిగి, వన్నెలమ్మకి ఎదురుగా నిలబడి, తల అటూ ఇటూ వంచి చూసింది.

"నేర్చుకున్నావా" అంది వన్నెలమ్మ.  కుర్రకొంగ ముక్కు తెచ్చి తల్లి ముక్కుకి ఆనించి, మెల్లగా టకటకలాడించింది. అప్పుడు చెట్ల మీద ఒకటి, ఇంకొకటి, తర్వాత వందా మొదలుపెట్టాయి. ఆ చప్పుడుకి మడుగు నీళ్లు వణికాయంటే నమ్మండి.

నాలుగో రోజున మృగశిర వచ్చింది. నైరుతి మూల అరచెయ్యంత మబ్బు కనపడింది. గుంపు లేచింది. వన్నెలమ్మ లేవలేదు, లేవలేదు కదా. చిన్నది మూడుసార్లు వెనక్కి తిరిగి వచ్చింది. మూడోసారి తల్లే పొడిచి తరిమింది. ఆకాశంలో చుక్కలై, చుక్కలు కూడా పోయేదాకా చూస్తూ ఉండిపోయింది.

అప్పటినుంచి ఆమె పెదమడుగులోనే ఉంది. చేపలకి కరువు లేదు. వారానికోసారి మైలయ్య ఆ బాటంట నడుచుకుంటూ వస్తాడు.

"బెంగ తగ్గిందా అమ్మా?" అని అడిగాడొకసారి.

"లేదు తాతా. చూడకముందు బెంగ ఒకరకం, చూశాక బెంగ ఇంకోరకం. కానీ ఇదివరకు ఎదురుచూడ్డానికే భయమేసేది. ఇప్పుడు చలికాలం ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టుకుంటున్నా."

మైలయ్య తలూపాడు. వెనక్కి నడిచేటప్పుడు వీపు తేలిగ్గా ఉండటం ఆయనకి ఇంకా అలవాటు కాలేదు. కుంట గట్టున తూర్పుగాలి తిరిగిన సాయంత్రాలు మేత కూడా ముట్టడు.

ఇక భూషణం సంగతి. ఆయన గుట్టుగా దాచుకున్న బాట ఇప్పుడు ఊరందరి బాట. పొద్దున బర్రెలు, మధ్యాహ్నం మేకలు, సాయంత్రం కాపలా తిరిగే గండన్న. అక్కడ అడుగు పెట్టే దారి లేదు. బోడికొండ మీద ఒక రాయెక్కి కూర్చుంటాడు. పొద్దు వాలేటప్పుడు దూరంగా పెదమడుగు తళతళ మెరుస్తుంది, చేపలు ఎగిరి పడుతుంటాయి. అటే చూస్తూ గుటకలు మింగుతుంటాడు. ఎవరైనా పలకరిస్తే, "గాలికి కూర్చున్నాను" అంటాడట.

నీతి: ఒకరి బెంగని ఎరగా వాడుకోబోయినవాడికి చివరికి బెంగే మిగులుతుంది.